కాజాలు లేని చొక్కా

మొన్న సోమవారం మా మనవరాలు చంటిబిడ్డను నా ఒళ్ళో పడేసి, గుంటూరులో తాను మధ్యలో వదిలేసిన కుట్టుపని శిక్షణకు మళ్ళీ బయలుదేరి వెళ్ళింది. కాన్పు కోసం ఏడాదిపైగా మానేసిన పిల్లను మొదటి అక్షరం నుంచి దిద్దమంటారేమో, మళ్ళీ అన్ని నెలలూ బస్సుల్లో పడి తిరగాలేమో అని పొద్దుటినుంచీ గొణుక్కుంటూనే ఉన్నాను. సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే వచ్చింది. చెప్పులైనా విప్పకుండా, "కొలతలూ కత్తిరింపూ పాసైనవి పాసైనట్టే ఉంటాయంట అమ్మమ్మా! మూడో మాడ్యూలు నుంచి కూర్చోమన్నారు" అంది.

మాడ్యూలంటే ఏందే అని అడిగాను. చదువును భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఆ భాగం నేర్పి, దాని పరీక్ష దానికే పెట్టి, అయినంతవరకు అయినట్టు కాగితం చేతికిస్తారట. ఇల్లో బిడ్డో అడ్డమొచ్చి ఆగిపోతే, ఆగిన చోటునుంచే మళ్ళీ అందుకోవచ్చట. "చదువేమన్నా బెల్లం అచ్చా, తోచినప్పుడల్లా కాస్త గిల్లుకుని నోట్లో వేసుకోవడానికి?" అని కసిరాను. నా నోరు దానికి కొత్త కాదు, "నీకూ ఓ ముక్క పెడతాలే" అని నవ్వుకుంటూ బిడ్డనెత్తుకుని లోపలికి పోయింది. అది పోయాక నాకు చింతపండు మీద చెయ్యి ఆడలేదు. మా చెల్లెలు గుర్తుకొచ్చింది.

పెదకాకాని అవతల మాది మిరపా పత్తీ తప్ప మరో మాట తెలియని ఊరు. నన్ను మూడో తరగతితోనే పొలానికి తీసుకుపోయారు కాబట్టి నాకు చదువు మీద ఆశ పుట్టనే లేదు, పుట్టనిదాన్ని గురించి ఏడ్చే తీరికా లేదు. మా చెల్లెలు అలా కాదు. పాత చీర చిరుగును కూడా అది కుడితే, చిరిగిన చోటు ఏదో వెతుక్కోవలసి వచ్చేది. ఆ చేతివాటం చూసి మా మేనత్త పట్టుబట్టి గుంటూరులో ఆడవాళ్ళకు కుట్టు నేర్పే చోట చేర్పించింది. మొదటి నెలంతా దారం లేకుండా ఉత్త కాగితం మీద మిషన్ తొక్కించేవాళ్ళట. ఆ చిల్లుల కాగితాలు ఇంటికి తెచ్చి దీపానికి అడ్డుపెట్టి, గీత తిన్నగా వచ్చిందో లేదో నాకు చూపించేది. పరీక్ష పాసైతే తనకు తోడుగా అక్కడే పనిలో పెట్టిస్తానని పంతులమ్మ మాటిచ్చింది. ఎండలో నడుం వంచక్కర్లేకుండా, నీడపట్టున కూర్చుని బతకడమనేది మా ఇంట్లో ఎవరమూ ఎరగం. దానికి ఆ ఒక్క ఆశ.

ఇప్పటిలాగా భాగాలూ అవీ లేవు అప్పుడు. ఏడాదంతా నేర్పి, చివర ఒకే ఒక్క రోజు పరీక్ష. కొలత తీయడం దగ్గర్నుంచి బొత్తాలు కుట్టడం దాకా, పొద్దుగూకేలోగా ఒక తెల్ల చొక్కా పూర్తి చేసి చేతిలో పెట్టాలి.

పరీక్ష సరిగ్గా మిరప కోతల్లో వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే ఏమవుతుందో మన వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, ఏడాది కష్టం తెల్లబడి ధర పలకని తాలుకాయ అవుతుంది. ముసలీ ముతకా అందరం పరుగెత్తాం, మూతికీ ముక్కుకూ గుడ్డలు కట్టుకుని కాయ కుప్పలు చేసి పట్టాలు కప్పాం. వద్దన్నా వినక చెల్లెలూ వచ్చింది. తీరా ఆ రాత్రి ఒక్క చినుకైనా రాలలేదు. మజ్జిగతో చేతులు కడుక్కుని, ఆముదం రాసుకుని పడుకుంది. తెల్లవారి లేచి శుభ్రంగా తలంటుకుని మంచి చీర కట్టుకుంది కానీ, బస్సు తొందరలో, కోతల రోజుల్లో అలవాటైన చెయ్యి ఆ మూతికి కట్టుకునే గుడ్డను తీసి బొడ్లో దోపుకుంది.

కత్తిరింపు అయింది, కాలరు అయింది, చేతులు ఎక్కించడం అయింది. పంతులమ్మ పక్కనుంచి వెళ్తూ వెన్ను తట్టిందట. కాజాలు మాత్రమే మిగిలాయనగా, చెమట కారుతుంటే వంచిన తల ఎత్తకుండా బొడ్లోని గుడ్డ లాగి మొహం తుడుచుకుంది. ముందురోజు కారమంతా దానికే పట్టి ఉంది, ఇక కళ్ళు తెరిస్తే ఒట్టు. నీళ్ళు కొట్టారు, కొబ్బరినూనె రాశారు. సూదిలో దారం పెట్టలేక తడుముకుంటూ ఉండగానే గంట కొట్టేశారు. పరీక్షకు వచ్చినాయన, "కాజాల్లేకుండా చొక్కా ఎట్టా అవుద్దమ్మా?" అన్నాడట. మిగతాదంతా చూడండి, ఈ ఒక్కటీ ఇంకో రోజు కుట్టించండి అని పంతులమ్మ ఎంత బతిమాలినా, పాసైతే మొత్తం, లేకపోతే ఏమీ లేదన్నారు. రూలు అంతేనట. మళ్ళీ ఏడాది, మళ్ళీ ఆ కాగితం మీద ఉత్త మిషన్ తొక్కుడు.

అయినా వెళ్ళింది. ఆ ఏడు నాన్నకు జబ్బు చేసి కోతలన్నీ మా ఇద్దరి మీదే పడ్డాయి, హాజరు చాలలేదని పేరు కొట్టేశారు. ఆ తర్వాత పంతులమ్మకు బదిలీ అయింది, దీనికి పిడుగురాళ్ల దగ్గర సంబంధం కుదిరింది. అక్కడ సున్నపు బట్టీల పని. సున్నానికి వేళ్ళు పగిలి, ఎప్పుడైనా చూడబోతే పట్టుకున్న గుడ్డకల్లా ఆ పగుళ్ళు తగులుకుని పోగులు లేచేవి. "నా చేతికి ఇంక గోనెసంచే గుడ్డ అక్కా" అనేది, నవ్వుతూనే.

ఆ పరీక్ష చొక్కాను పారేసే ఇల్లు కాదు మాది. కాజాలు కుట్టవే, నాన్నకు పనికొస్తుందని అమ్మ ఎన్నిసార్లు అడిగినా, పాసైన రోజు కుడతాననేది. నాన్న దానికి పిన్నీసులు పెట్టుకుని, కాయ అమ్మే మిరప యార్డుకు తొడుక్కుపోయేవాడు. "ఏరా, బొత్తాలకు కరువొచ్చిందా?" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, "మా అమ్మాయి పరీక్ష ఇంకా అవలేదురా" అనేవాడు. చినిగి పీలికలయ్యేదాకా అలాగే తొడిగాడు. పీలికలు మసిగుడ్డలయ్యాయి. పిన్నీసులు నేను తీసుకున్నాను.

చెల్లెలు నిరుడు పోయింది.

నిన్న సాయంత్రం మనవరాలు గుడ్డపేలిక మీద వరసగా కాజాలు కుట్టి, చూడమని నా ముందు పెట్టింది. గోటితో ఒక్కొక్కటీ లాగి చూశాను. నడిమిది వదులుగా ఉంది, అదే చెప్పాను, మెచ్చుకోవడం నాకు చేతకాదు. "ఈ ఒక్కటేగా!" అని ఆ ఒక్కదాన్నే విప్పి, మిగతావాటి జోలికి పోకుండా, దీపం కిందకు జరిగి మళ్ళీ కుట్టుకుంది. అంత తేలిక. ఆ ఒక్కదాన్ని మళ్ళీ కుట్టనిచ్చేవాళ్ళు మా చెల్లెలికి ఒక్కరు దొరకలేదు.

కుడుతూ కుడుతూ, గుడ్డ జారుతోంది, నీ గాజుకున్న పిన్నీసు ఒకసారి ఇవ్వవా అమ్మమ్మా అని చెయ్యి చాచింది. అది నాన్న చొక్కాది. ఇంకెవరు అడిగినా ఇచ్చేదాన్ని కాదు.