ముల్లు లేవని బండి

నర్సీపట్నం టాక్సీ స్టాండులో సింగన్నని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. చింతపల్లి పైన కొండ ఊరి మనిషి కాబట్టి మొదటి రోజే "కొండోడు" అన్నారు, అదే ఉండిపోయింది. ఏళ్ల తరబడి వేరేవాళ్ల జీపులు తోలాడు. వాళ్ల బండ్లు కడిగాడు, టైర్లు మార్చాడు, ఓనర్లు టీ తాగుతుంటే పక్కన నిలబడ్డాడు.

టీ కొట్టు ముందు ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చునేది సొంత బండి ఉన్నవాళ్లే. డ్రైవర్ ఎవడైనా కూర్చుంటే లేపేస్తారు. సింగన్నకి ఉన్న కోరికల్లా ఒక్కటే, ఎప్పటికైనా ఆ బల్ల మీద కూర్చోవాలి.

అందుకని ఇంట్లో ఉన్న జత ఎడ్లు అమ్మేసి, మిరియాలమ్మిన డబ్బు కలిపి, తాతాజీ దగ్గర పాత డీజిల్ కారు కొన్నాడు. తాతాజీ స్టాండుకి పెద్ద. పాత బండ్లు కొని, రంగేయించి అమ్ముతాడు. మాట మాత్రం తేనె.

ఆ కారుకి ఒక లోపం ఉంది. ఇంజన్ వేడి కనిపెట్టే సెన్సర్ ఎప్పుడో పోయింది. అది బాగుంటే, ఇంజన్ వేడెక్కగానే రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, ఎదురుగా మీటర్లో ముల్లు పైకి లేస్తుంది. పోతే కొత్తది వేయించాలి, చిన్న పనే. తాతాజీ వేయించలేదు. మెకానిక్ దేవుళ్లు చేత ఫ్యాన్ డైరెక్ట్ చేయించాడు. అంటే స్టీరింగు కింద, వైర్ల మధ్య ఒక చిన్న స్విచ్చి. ఘాట్ ఎక్కేముందు మనమే నొక్కుకోవాలి. మర్చిపోతే ఫ్యాన్ తిరగదు, ఇంజన్ ఎంత కాలినా ముల్లు అడుగు నుంచి లేవదు.

స్టాండులో అందరికీ ఆ సంగతి తెలుసు. సింగన్నకి తెలియదు. అతను తోలినవన్నీ పాత జీపులు. వాటి ఫ్యాన్ ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, దానికి స్విచ్చేమిటి?

కొనేముందు తాతాజీ అతన్ని మాకవరపాలెం దాకా తిప్పి తెచ్చాడు. చదును రోడ్డు, ఎదురుగాలి. ముల్లు కదల్లేదు.

"సూసావా? ముల్లు లేవని బండిరా ఇది. సల్లగా ఎల్లిపోద్ది."

"మీ దయ బాబూ," అన్నాడు సింగన్న.

తిరిగొచ్చి, డబ్బు తాతాజీ చేతిలో పెట్టి, బల్ల మీద కూర్చోబోయాడు. పెదబాబు అని, రెండు వ్యానుల ఓనరు, కాలు అడ్డంపెట్టాడు.

"ఆగరా. ముందు సింతపల్లి ఎక్కిరా. అప్పుడు ఓనరువి."

"ఎక్కుతాడంటావేటి?" అన్నాడు తాతాజీ.

"ఘాట్ మీదున్న లంబసింగే సూడడు. పకోడీ పందెం," అన్నాడు పెదబాబు.

అందరూ నవ్వారు. దేవుళ్లు ఒక్కడే కాస్త నసిగాడు. "సెప్పీమంటారేటండీ?"

"అడిగితే సెప్పు. అడిగాడేటి?" అన్నాడు తాతాజీ.

సింగన్నకి దేని గురించో అర్థం కాలేదు. తన బండి చూసి సంతోషపడుతున్నారనుకుని తనూ నవ్వాడు.

మర్నాడు వెనక సీట్లో సంతకొచ్చిన మనుషుల్ని కుక్కి, ముందు సీట్లో భార్య కొండలమ్మని ఎక్కించుకుని బయల్దేరాడు. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు కూర్చుంది. ఘాట్ మొదలైంది. బరువు మీద బండి మూలుగుతూ ఎక్కుతోంది.

"మావా, ఏటో ఉడికిన వాసనొస్తంది," అంది.

"ముల్లు సూడు. అడుగునుంది."

"ముల్లు సంగతి నాకు తెల్దు. కాళ్ల కాడ కాల్తంది."

"నోరు ముయ్యే. కొండ మొకం నువ్వూను. బండెక్కించడమే ఎక్కువ నీకు."

కొండలమ్మ కాళ్లు పైకి మడిచి పెట్టుకుంది. మూడో మలుపులో ఇంజన్ టకటకమని కొట్టుకుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది, ఇంజన్ పట్టేసి బండి ఆగిపోయింది. వెనకవాళ్లు దిగి, మూటలు దింపుకుని, వచ్చిన జీపెక్కి వెళ్లిపోయారు. సింగన్న తాతాజీకి ఫోన్ చేశాడు.

తాతాజీ ఒక్కడే రాలేదు. బల్లంతా తీర్థానికొచ్చినట్టు వ్యానులో వచ్చింది. తాతాజీ వంగి స్టీరింగు కింద చెయ్యి పెట్టి టిక్కుమనిపించాడు. చచ్చిన ఇంజన్ ముందు ఫ్యాన్ బర్రుమని తిరిగింది.

"ఇదిగోరా నీ ఫ్యాను. నువ్వడగలేదు, నేను సెప్పలేదు."

పెదబాబు కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వాడు. పకోడీ అతనిదే.

రోడ్డు పక్క రాయి మీద కూర్చున్న కొండలమ్మ లేచి వచ్చింది. "నవ్వుతారేటి బాబూ? మా ఎడ్లవి," అంది.

దానికి ఇంకా నవ్వారు. "నువ్వూరుకోయే," అన్నాడు సింగన్న, తల ఎత్తకుండా.

బండిని తాతాజీయే పాత ఇనుము లెక్కన వెనక్కి తీసుకున్నాడు. ఇంజన్ బాగుచేయించి, ఈసారి కొత్త సెన్సర్ వేయించాడు, ఎందుకంటే ఇప్పుడది తన బండి. దానికి డ్రైవర్ సింగన్న. ఘాట్‌లో ముల్లు సగానికి లేచి ఆగుతుంది, ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా అతని చెయ్యి స్టీరింగు కిందకి పోతుంది. కొండలమ్మ ఆ బండి మళ్లీ ఎక్కలేదు. బస్సులో వస్తుంది, బస్సులో పోతుంది. స్టాండులో పిలుపు కూడా మారింది. "ఏరా ఫ్యానూ" అంటున్నారు.

వానలు వెలిశాక చిట్టిరాజు వచ్చాడు. కొండలమ్మ పిన్ని కొడుకు. కాఫీ అమ్మిన డబ్బుతో కారు కొనడానికి. తాతాజీ ఒక తెల్ల కారు చూపించాడు. దాని స్టీరింగు కింద స్విచ్చి పెట్టిన రోజు సింగన్నే టార్చి పట్టుకున్నాడు.

"నీ మనిషే కదరా, నువ్వే సెప్పు," అన్నాడు తాతాజీ.

"ఎలగుంటాది బావా బండి?" అని అడిగాడు చిట్టిరాజు.

బల్ల మీద పెదబాబు కొంచెం పక్కకి జరిగాడు. ఒక మనిషికి సరిపడా చోటైంది. సింగన్న ఆ చోటు చూశాడు.

"ముల్లు లేవని బండిరా," అన్నాడు. "సల్లగా ఎల్లిపోద్ది."

చిట్టిరాజు భార్య చంటిపిల్లతో ముందు సీటెక్కింది. బండి చింతపల్లి వైపు తిరిగింది. సింగన్న బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ లేపలేదు. టీ గ్లాసు చేతికొచ్చింది.

"ఎందాకా ఎల్తాడంటావు సింగన్నా?" అన్నాడు పెదబాబు.

సింగన్న టీ ఊదుకున్నాడు.

"మూడో మలుపు," అన్నాడు.