పద్నాలుగు సూదులు, కారే బండి

నా భార్యకు నాలుగో సూది వేయించి జగిత్యాల నుంచి ఇంటికి చేరిన రోజే బస్సులు ఆగిపోయాయి. కోరుట్ల దారిలో అన్నలు, అదే నక్సలైట్లు, ఒక బస్సును ఆపి, జనాన్ని దింపి, కాల్చేశారు. ఆ రోజుల్లో మాకది కొత్త కాదు. వారం పది రోజులు బస్సులు రావు. జనం నడుస్తారు, సైకిళ్లెక్కుతారు, ఒకరోజు మళ్లీ హారన్ వినిపిస్తుంది. కానీ అప్పుడు మా చేతిలో వారం లేదు.

రుద్రంగిలో మా ఇంటి వెనక ఆమె బట్టలు ఆరేస్తుంటే పిచ్చికుక్క వచ్చి పిక్క పట్టింది. అదే కుక్క మా వాడకట్టులోని గొర్లకాపరిని చేతి మీద కరిచింది. ఆయన ఆకు పసరు తాగి ఊరుకున్నాడు. మేము మాత్రం మందు జగిత్యాలలో దొరుకుతుందని తెలుసుకొని పోయాం. రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మొదటి రోజే డాక్టరు నాతో అన్నాడు: "నడుమ ఒక్క దినం గూడ తప్పొద్దు. తప్పితే నేనేం చెప్పలేను."

నేను దర్జీని. నాకు సైకిల్ తప్ప బండి లేదు. సిరిసిల్లలో మా అత్తగారింట్లో మాత్రం ఒక పాత మోటార్ సైకిల్ ఉంది. మా బామ్మర్ది దుబాయి పోతూ దాన్ని సాంచాల కొట్టంలో, మరమగ్గాల పక్కన నిలబెట్టి పోయాడు. రెండేళ్లుగా ఎవరూ తియ్యలేదు. ఆ మధ్యాహ్నమే ఒక లారీ పట్టుకొని సిరిసిల్ల పోయాను. విషయం విని మా అత్త తాళంచెవి నా చేతిలో పెట్టి, "బిడ్డను బతికియ్యి" అని మాత్రం అంది. బండిని నెట్టుకుంటూ పోయి గాలి కొట్టించి, ఇంజినాయిల్ పోయించి, చీకటి పడకముందే రుద్రంగి చేరాను.

ఐదో రోజు పొద్దున బయలుదేరాం. జగిత్యాల చేరి బండి ఆపితే కింద చెయ్యంత నల్లటి మరక. ఆమె చీర కుచ్చిళ్ల మీద ఆవగింజలు చల్లినట్టు నూనె చుక్కలు. లోపల నూనె ఎంతుందో చూసే పుల్ల తీశాను. కొసకు కూడా తడి లేదు. నా కుట్టుమిషన్‌కు రెండు చుక్కలు వేస్తే వారం నడిచేది. ఈ బండి ఒక్క పూటలో డబ్బా తాగింది. అక్కడి మెకానిక్ వంగి చూసి, "ఇంజన్ ఇప్పాలె. నాలుగు దినాలు ఇడిచిపెట్టు" అన్నాడు. నాలుగు దినాలు ఎక్కడినుంచి తెచ్చేది? ఇంకో డబ్బా పోయించి ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం నాకు తెలిసిన విద్యంతా బండి మీద పెట్టాను. కిరోసిన్ గుడ్డతో ఇంజన్‌ను తళతళలాడేటట్టు తుడిచి, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్కలను దంచి, ఆ పొడిని చుట్టూ చల్లాను. ఊరి చివరి దాకా తిప్పి తెచ్చేసరికి పైన మూత అంచు దగ్గర సుద్ద తడిసి నల్లబడింది. దొరికిందిరా అనుకున్నాను. బోల్టులు బిగించి, మూత సందులో నూనె కారకుండా అట్టతో కొత్త గాస్కెట్ కత్తిరించి వేశాను. దర్జీ చేతికి కత్తిరించడం కష్టం కాదు కదా.

ఆరో రోజు ఆ మూత దగ్గర పొడిగా ఉంది. పక్క మూత దగ్గర కారింది. అక్కడా గాస్కెట్ వేశాను. ఏడో రోజు గొలుసు వైపు నుంచి కారింది. ఒకచోట మూస్తే ఇంకోచోట. నా మీద పగబట్టిన మనిషి లోపల కూర్చున్నాడేమో అనిపించేది. పైగా వెనక నీలం పొగ. సగం దారికే నూనె అయిపోతుందేమోనని ప్రతి రెండు మైళ్లకూ దిగి పుల్ల తీసి చూసేవాణ్ణి. ఆమె రోడ్డు పక్కన కడుపు పట్టుకొని నిలబడేది. సూదులు వేసిన చోటల్లా గడ్డలు కట్టి, గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా ఆమె పళ్లు బిగబట్టడం నా వీపుకు తెలిసేది.

ఎనిమిదో సూది వేయించుకొని తిరిగి వస్తుంటే పోలీసులు ఆపారు. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, జీపు. ఎస్సై దగ్గరకు వచ్చాడు.

"మూడు రోజుల నుంచి చూస్తున్నాం. పొద్దున అటు, మధ్యాహ్నం ఇటు. ఎవరికి చీటీలు మోస్తున్నావురా?"

"సూదులకు పోతున్నం సార్. మా ఆమెను పిచ్చికుక్క కరిచింది."

"ఆసుపత్రి కాగితం చూపించు."

కాగితం సంచిలో ఉంది. దాని పక్కనే నూనె డబ్బా ఉంది. తీసి చూస్తే డబ్బా మూత ఊడి, కాగితం నూనెలో నాని ముద్దయింది. ఒక్క అక్షరం కనిపించలేదు. ఎస్సై దాన్ని రెండు వేళ్లతో పట్టుకొని చూసి కింద పడేశాడు. "జీపెక్కు" అన్నాడు.

జీపెక్కితే రేపటి సూది పోయినట్టే. అప్పుడు ఆమె ముందుకు వచ్చి, అంతమంది మగవాళ్ల ముందు, చీర కొంగు పక్కకు జరిపింది.

"సూడుండ్రి సారూ. ఎనిమిది పొడిసిండ్రు. ఇంక ఆరున్నయ్. లెక్కవెట్టుకోండ్రి."

కడుపంతా నల్లగా, నీలంగా ఉబ్బి ఉంది. ముసలి కానిస్టేబులొకాయన ముఖం పొలాల వైపు తిప్పుకున్నాడు. ఎస్సై ఒక్క క్షణం చూసి, "పొండి, పొండి" అని డ్రమ్ము జరిపించాడు.

రెండు మైళ్లు పోయాక ఆమె వెనక నుంచి అంది: "నేను కొంగు జరిపినప్పుడు నువ్వు నా దిక్కు సూడలే. బండి కింద నూనె దిక్కు సూస్తున్నవ్."

నిజమే. అక్కడ నిలబడ్డంతసేపూ మట్టిలో పడుతున్న చుక్కలనే చూశాను. ఇల్లు చేరుతామా లేదా అని లెక్కేసుకుంటున్నాను. ఆ మాట ఆమెకు ఎలా చెప్పను? ముందుకు చూస్తూ బండి నడిపాను.

తొమ్మిదో రోజు బంద్. దుకాణాలన్నీ మూశారు, ఇంజినాయిల్ చుక్క దొరకలేదు. ఇంట్లో డబ్బాలో అడుగున మిగిలిందీ, దాని మీద వంటింట్లోని పల్లినూనె సీసా అంతా పోసి బయలుదేరాను. దారి పొడుగునా మిర్చీలు వేయించినట్టు వాసన. కోరుట్ల రాకముందే ఇంజన్ లోపల టకటక మొదలైంది. ఇక ఇది ఆగిపోతుంది, ఆమెను నడిపించుకొని జగిత్యాల పోవాలి, ఆమె నడవలేదు అనుకుంటూ కోరుట్లలో ఒక మెకానిక్ షాపు ముందు ఆపాను. సగం దించిన షట్టర్ కింద నుంచి ఒక ముసలాయన కాళ్లు కనిపించాయి.

"చాచా, జర తియ్యుండ్రి. పానం మీదికొచ్చింది."

ఆయన మమ్మల్ని బండితో సహా లోపలికి తీసుకొని షట్టర్ పూర్తిగా దించాడు. ముందు వాసన చూశాడు.

"ఏం పోసినవ్ బేటా ఇందుల?"

"పల్లినూనె."

"తోబా తోబా" అని తల పట్టుకున్నాడు. అన్ని రోజుల్లో ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వితే కడుపు నొచ్చి వెంటనే ఆపుకుంది.

"పొగ ఎప్పుడొస్తది?" అని అడిగాడు. "ఎప్పుడూ వస్తది" అన్నాను నేను.

"ఎప్పుడు రాదు" అంది ఆమె. "ఎత్తు ఎక్కేటప్పుడు అంత లేదు. దిగుడు కాడ రేస్ ఇడిచిపెట్టి, మళ్ల రేస్ ఇయ్యంగనే గుప్పున లేస్తది."

ముసలాయన ఆమె వైపు తిరిగి ఆమెతోనే మాట్లాడాడు. "అట్లయితే పిస్టన్ రింగులు మంచిగనే ఉన్నయమ్మా. వాల్వులు ఆడే గొట్టాలు అరిగినయ్. గా సందుల కెల్లి నూనె లోపటికి జారి కాలుతుంది. అది ఇయ్యాల బండిని సంపదు. బయటికి కారుడే అసలు రోగం. గీ బండి ఏడ నిలవడ్డది?"

"సిరిసిల్లల, సాంచాల కొట్టంల. రెండేండ్లు" అన్నాను.

ఆయన ఇంజన్ నుంచి వెనక్కి పోయే సన్నని గొట్టం పీకి, కొస నోట్లో పెట్టుకొని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. తీగ పెట్టి పొడిచాడు. లోపల నుంచి ఎండిన మట్టి పెళ్లలు, దూది నూగు, సాలీడు కాళ్లు రాలాయి. కందిరీగ ఏదో అందులో గూడు కట్టింది.

"ఇంజన్ ఊపిరి ఇడిసే గొట్టమిది. ఇది మూసుకుంటే లోపటి గాలి ఏడ సందు దొరికితే ఆడికెల్లి నూనెను తోస్తది. నువ్వొక సందు మూస్తే ఇంకోటి సూస్కుంటది."

గొట్టం కడిగి బిగించాడు. పల్లినూనె అంతా దింపి, తన షాపులోని నూనె పోశాడు. ఆ మధ్యాహ్నం జగిత్యాలలో బండి కింద చూస్తే నేల పొడిగా ఉంది. నేను అక్కడే కూలబడ్డాను. ఆమె తొమ్మిదో సూదికి లోపలికి పోయి వచ్చేదాకా లేవలేదు.

కారడం ఆగింది, పొగ ఆగలేదు. పొగతోనే, నూనె పోసుకుంటూనే, పద్నాలుగూ పూర్తి చేశాం. బస్సులు పదమూడో రోజు మొదలయ్యాయి. అయినా ఆమె, "బండి మీదనే పోదాం" అంది.

నెలన్నర తర్వాత గొర్లకాపరి పోయాడు. నీళ్లు చూస్తే వణికిపోయాడని, గొంతులోకి చుక్క దిగలేదని ఊరంతా చెప్పుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మరునాటి నుంచి ఆమె పొద్దున లేవగానే చెంబు నిండా నీళ్లు తెచ్చుకొని, నా ఎదురుగా నిలబడి గటగటా తాగేది. కత్తెర పక్కన పెట్టి చివరి గుక్క దాకా ఆమె గొంతు వైపే చూసేవాణ్ణి. గుటక పడ్డ ప్రతిసారీ నా ఊపిరి కదిలేది.

అలా ఎన్ని నెలలో గుర్తులేదు. ఒకనాడు పొద్దున ఎవరిదో పెళ్లి జాకెట్టు తొందరలో మిషన్ మీద నుంచి తల ఎత్తి ఆమె గొంతు వైపు చూడటమే మరిచాను. ఆమె నీళ్లు తాగి, చెంబు బోర్లించి, తలవాకిలి ఊడవడానికి పోయింది.