ఎనిమిది పొడి దుప్పట్లు

నేను తెలుగు చెప్పిన మిషను బడి ఆవరణలో, బాలికల వసతి గృహం వెనుక, బట్టలుతికే గది ఒకటి ఉండేది. అందులో ముప్పై రెండేళ్లు పనిచేసిన ఆమెను పిల్లలు దుప్పట్లత్త అని పిలిచేవారు. చర్చి పుస్తకంలో ఆమెకు వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు.

వసతి గృహాన్ని నడిపిన మేట్రనమ్మగారి కాలంలో, పక్క తడిపిన పిల్ల ఆ తడి దుప్పటినే నెత్తిన కప్పుకొని, ఉదయ ప్రార్థన ముగిసేదాకా అందరి ముందూ నిలబడాలి. దేహశుద్ధి అలవడితే ఆత్మశుద్ధి దానంతట అదే వస్తుందని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ దుర్మార్గురాలని రాసెయ్యడం సులువే. కాని జ్వరం తగిలిన పిల్ల మంచం పక్కన తెల్లవార్లూ మోకాళ్లూని ప్రార్థించింది కూడా ఆవిడే. వ్యాకరణంలో సూత్రం చెప్పి, వెంటనే దానికి అపవాదం చెబుతాం. మనుషుల్లో ఏది సూత్రమో, ఏది అపవాదమో డెబ్భై ఆరేళ్లు వచ్చినా నాకు తేలలేదు. అది అలా ఉంచుదాం.

దుప్పట్లత్త ప్రార్థన గంటకు ముందే వచ్చేది. మంచాల మధ్య నడుస్తూ, చేత్తో తడిమి చూసి, తడిసిన దుప్పటి లాగేసి పొడిది పరిచేది.

"మేట్రనమ్మగారికి అబద్ధం చెబుతున్నట్టే కదా?" అని ఒకసారి వేళాకోళమాడాను.

"నోరు తెరిస్తే కదా మాస్టారూ అబద్ధం! నేను దుప్పటి మారుస్తున్నా, అంతే."

ఒక వేసవిలో ఆమె కామెర్లతో పది రోజులు మంచాన పడింది. అప్పుడే కొత్తగా చేరిన ఏడేళ్ల పిల్ల, తల్లీ తండ్రీ లేనిది, వరసగా నాలుగు ఉదయాలు దుప్పటి ముసుగులో నిలబడింది. అందరమూ చూశాం. మా ప్రార్థన పాటలో శ్రుతి మాత్రం తప్పలేదు.

అత్త తిరిగి పనిలోకి వచ్చేసరికి ఆ పిల్ల పక్క పొడిగా ఉంది. మర్నాడూ పొడే. అలా ఎనిమిది రోజులు. ఉతికేవాళ్లకు పొడి దుప్పటిని మించిన శుభవార్త ఏముంటుంది? "బంగారు తల్లీ, గట్టెక్కావే!" అని బుగ్గ పుణికి మురిసిపోయింది. ఎనిమిది రోజులూ దేవునికి స్తోత్రం చెప్పుకొంది. తొమ్మిదో రోజు పిల్ల ఆటస్థలంలో కూలిపోయింది. రెండు రోజులకు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. పక్క తడవకూడదని ఆ పిల్ల మొదట మధ్యాహ్నం నుంచి, తరువాత పొద్దుటి నుంచే మంచినీళ్లు మానేసిందని పక్క మంచం పిల్ల చెబితే తెలిసింది.

బడి తరపున ప్రకటన రాసింది నేనే. 'ఎండదెబ్బచే మరణించినది.' విభక్తి సరిగానే ఉంది. నిజమే లేదు.

ఇరవై రెండేళ్లు గడిచాయి. మేట్రనమ్మగారు కాలం చేశారు. పని మానుకున్న అత్త, చర్చివారి దయ వల్ల, ఉతుకు గది పక్కన ఒక చిన్న గదిలో ఉంటోంది. పిల్లలకు కొత్త వసతి భవనం కట్టారు. దానికి మేట్రనమ్మగారి పేరు నిర్ణయించి పాస్టరుగారు ఆమె గదికి వచ్చారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"ఆవిడ దగ్గర పనిచేసినవాళ్లలో మిగిలింది నువ్వే అమ్మా. రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

"నా దగ్గరున్నవీ రెండే బాబూ. ఆ పిల్ల ఎందుకు పోయిందో ఒకటి, ఎవరివల్ల పోయిందో ఒకటి."

పాస్టరుగారి ముఖం మాడింది. "పోయినవాళ్ల సంగతి ఇప్పుడెందుకమ్మా? క్షమించమని కదా ప్రభువు చెప్పింది!"

"క్షమించమన్నాడు, సరే. గోడకి పేరెక్కించమన్నాడా? అందులో పడుకునేది మళ్లీ చిన్నపిల్లలే కదా!"

"నువ్వుంటున్న గది కూడా చర్చిదేనమ్మా," అన్నారాయన లేస్తూ, ఎంతో మృదువుగా.

ఆ పేరు గోడకెక్కేలోపు ఆ చావుకు కారణం ఒక్కసారి నలుగురిలో చెప్పాలన్నది ఆమె పంతం. విశ్వాసులు లేచి తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఎవరు లేచినా ఆపకూడదన్నది మా చర్చి ఆనవాయితీ. ప్రారంభోత్సవం నాడు ఆ వేళకు, ఎవరూ పిలవకుండానే ఆమె మైకు దగ్గరికి నడిచింది.

"ఆ పిల్ల ఎండదెబ్బకి పోలేదు. దాహంతో పోయింది. నీళ్లెందుకు తాగలేదంటే..."

పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. పాట వినబడగానే లేచి గొంతు కలపడం మా వాళ్లకు ఊపిరి తీసినంత అలవాటు. జనమంతా లేచారు. నేనూ లేచి పాడాను. అత్త పెదవులు కూడా కదిలాయి. అది తెలిసి ఆమె చేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

పాట అయిపోయింది. ముందు వరసలోని ఒక చిన్నపిల్ల గట్టిగా అడిగింది: "ఎందుకు తాగలేదు అమ్మమ్మా?"

ఆమె మైకు వదిలి, ఆ పిల్ల ఎదుట నేల మీద చతికిలబడి చెప్పింది. రెండు వరసలకు మించి వినబడలేదు. మిగిలినవారంతా అప్పటికే పేరు మీది తెర తొలగిన గోడ వంక తిరిగి చప్పట్లు కొడుతున్నారు.

నెలాఖరుకు ఆమె గది ఖాళీ చేసి, ఊరికి ఆ చివర చెల్లెలి కూతురింట చేరింది. అయినా ప్రతి ఆదివారం అంత దూరమూ నడిచి చర్చికి వస్తుంది. ఉండబట్టలేక అడిగాను: "ఇంత జరిగాక కూడా ఎందుకమ్మా?"

"వీళ్ల చేతుల్లో ఆ ప్రభువునొక్కణ్ణే వదిలేసి ఎక్కడికి పొమ్మంటారు మాస్టారూ?" అని, కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

ఆ రోజు పాస్టరుగారు దీనుల పట్ల దయను గురించి ప్రసంగించారు. బాగానే చెప్పారు.