ఐసు అరలో పెట్టిన సీసా

చిటికెన వేలంత గాజు సీసా అది. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దాన్ని ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. ఏదైనా చెప్పుకోదగ్గ స్నేహితురాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకూ చెప్పలేదు. మీకు చెప్తున్నానంటే మీరు నా ముఖం ఎరగరు కాబట్టి. ఇదీ ఒక రకం పిరికితనమే. కానివ్వండి, ఈ మాత్రమైనా ఇప్పటికి చేతనైంది.

తొంభైల చివర అనంతపురంలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తుండేదాన్ని. పిల్లలకు కోరింత దగ్గు రాకుండా వేసే టీకాను తెల్ల ఎలుకలకు వేసి, ఆ జబ్బును ఎదిరించే శక్తి వాటి రక్తంలో ఎంత పుడుతుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటం నా పని. సగం ఎలుకలకు టీకా, సగం ఎలుకలకు ఉత్త ఉప్పునీళ్లు. టీకా పడ్డవాటికి తల మీద పసుపు రంగు చుక్క, మిగతావాటికి తోక మొదట్లో. కొన్ని వారాలయ్యాక రెండు రకాల రక్తమూ తీసి పోల్చి చూడాలి. వినడానికి ఇంతే.

ఎలుకల గదిని చూసుకునేది ఓబులేసన్న. కంబదూరు దగ్గర పల్లె ఆయనది. వానలు మొహం చాటేసి చేను బీడు పడితే, భార్యను అక్కడే ఉంచి టౌనుకొచ్చి కాలేజీలో దినకూలీగా చేరాడు. యాభై దాటిన మనిషి. నేను ఎలుకను తోక పట్టి ఎత్తితే ముఖం చిట్లించేవాడు. సూది వేసిన ప్రతి ఎలుకనూ అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో వీపు నిమిరి గానీ బోనులో వదిలేవాడు కాదు. అంత ముద్దేంటన్నా అని ఒకసారి ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. మొదటి బిడ్డ కోరింత దగ్గుతోనే పోయిందట, మూడు నెలల పసిగుడ్డు. దగ్గీ దగ్గీ ఊపిరి అందక నీలంగా అయిపోయిందట. "మా పాపకు అందని సూది ఇది, మా. మన పిల్లోల్ల కోసరం ముందు ఇవి పొడిపించుకుంటాండాయి. రవ్వంత ముద్దు చేస్తే ఏం పోతాది?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను తోక పట్టి ఎత్తడం మానేశాను.

టీకా సీసా మా సారు ఎవరెవరినో బతిమాలి తెప్పించారు. ఉన్నది ఒక్కటే, జాగ్రత్తమ్మా అని నా చేతికిచ్చారు. మండే ఎండాకాలం. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా ఇంట్లో కరెంటు పోయేలా ఉంటే పాలు విరిగిపోకుండా పాలగిన్నెను ముందే ఫ్రిజ్‌లో పైనున్న ఐసు అరలోకి తోసేవాళ్లం. ఆ సాయంత్రం కాలేజీ నుంచి పోతూ పోతూ టీకా సీసానూ అట్లాగే తోశాను. టీకా వెచ్చబడితే పాడవుతుందన్న భయం ఒక్కటే ఉంది నా బుర్రలో. ఆ రాత్రి, ఎన్నడూ లేనిది, కరెంటు పోనేలేదు.

పొద్దున చూస్తే సీసాలో మందు గడ్డకట్టి ఉంది.

గడ్డకట్టనివ్వకూడదని సీసా వచ్చిన పెట్టె మీదే రాసి ఉంది. నాకు తెలియదా అంటే, తెలుసు. పాఠంలా ఇంకొకరికి చెప్పినదాన్నే. అరచేతుల మధ్య పెట్టి కరిగించాను. ఊపితే పాలలా ఒకే తెలుపుగా కలవాల్సింది, తునకలు తునకలుగా అడుక్కి దిగింది. ఇంకా గట్టిగా ఊపాను. మళ్లీ దిగింది. చెప్తే ఏమవుతుంది? సారు తిడతారు. ఇంకో సీసాకు నెలలు పడుతుంది, నా ఫెలోషిప్పు గడువేమో దగ్గర పడింది. అంతా పాడై ఉండదులే, ఎంతో కొంత పనిచేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ సిరంజిలోకి లాగాను. ఓబులేసన్న ఒక్కో ఎలుకనూ పట్టి ఇచ్చాడు. ఒక్కోదాన్నీ నిమిరి వదిలాడు.

వారాలు గడిచాక రక్తం తీసి చూస్తే, టీకా పడ్డవాటికీ ఉప్పునీళ్లవాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. సారు కాగితాలు రెండుసార్లు తిరగేసి, ఎలుకలు కలిసిపోయి ఉంటాయన్నారు. ఆయన అనుమానం అన్యాయమని కూడా అనలేను. మా కాలేజీకి నాలుగు రోజులకోసారి కొళాయి నీళ్లు వచ్చేవి. వచ్చిన రోజే బోనులన్నీ ఒక్కసారిగా కడగాలి. కడిగేంతసేపూ ఎలుకల్ని రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో ఉంచి, తర్వాత రంగు చూసి మళ్లీ బోనుల్లోకి సర్దేది ఓబులేసన్న. రంగు వెలిస్తే మళ్లీ పెట్టేదీ ఆయనే.

సారు పిలిచి అడిగారు. ఓబులేసన్న లేదన్నాడు. గుర్తు చేసుకోమన్నారు. లేదు సార్ అన్నాడు, కొంచెం నెమ్మదిగా. మూడోసారి అడిగితే నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. ఆ రెండు మాటలు మింగి, కాలేజీ ఆవరణలో నిలిపిన సైకిళ్లను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం ఆయనే ఎలుకల గదిలో నా దగ్గరికొచ్చాడు.

"మా, నన్ను తిట్టు."

"ఎందుకన్నా?"

"కలిపేసింటా. ఈ మద్దెన పసుపు రంగు కండ్లకు సరిగ్గా ఆనడం ల్యా. చెప్పకుండా నెట్టుకొస్తాండా. నా వల్ల నీ కష్టమంతా మన్నైపాయె."

"పోనీలే అన్నా."

"పోనీలే అంటే ఎట్ల మా? పాపం, ఈటికి సూదులు పొడిపించి, అదీ దండగ చేసినా. కండ్లు ఆననోనికి ఈ పని తగదు."

పోనీలే! ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! తప్పు చేసింది నేను, క్షమించిందీ నేనే. ఛీ అనిపించలేదా అంటే అనిపించింది. అయినా పోయి టీ తాగాను.

ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. ఆ వారం తనే మానేసి ఊరికి పోయాడు. సారు ఎలాగో ఇంకో సీసా తెప్పించారు. ఈసారి కింది అరలో పెట్టాను. కొత్త ఎలుకలు, కొత్త మనిషి. ఫలితాలు చక్కగా వచ్చాయి. చూశారా, ఓబులేసు కలిపేయడం వల్లే అప్పుడు అట్లయింది అని అందరూ అన్నారు. నా రెండో ప్రయోగం ఆయన మీద సాక్ష్యం చెప్పింది. నాకు డాక్టరేటు వచ్చింది. సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో ఓబులేసన్న పేరు కూడా రాశాను. అంత సిగ్గులేనిదాన్ని.

కొన్నేళ్ల తర్వాత ఏదో పని మీద కంబదూరు పోయి, వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను, నమ్మండి. నన్ను చూసి ఆయన ఎంత సంబరపడ్డాడో! గబగబా మంచం వాల్చాడు. భార్యను కేకేసి, మన డాక్టరమ్మ వచ్చిందని మజ్జిగ తెప్పించాడు. కళ్లెట్లా ఉన్నాయన్నా అని అడిగాను.

"అదే మా విచిత్రం. కండ్ల డాక్టర్లు వచ్చినారు ఊరికి. చూపు బాగుండాది, రంగులూ బాగా తెలుస్తాండాయి, నీకేం రోగం పోప్పా అన్నారు." మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చాడు. "అయితే కండ్ల తప్పు కాదు మా. ఆ పొద్దు మా పాప మతికొచ్చింటాది. ఆ ఎలుకల్ని పట్టుకుంటే వస్తాండె. ద్యాస తప్పి కలిపేసింటా."

తన కళ్లు మంచివని తేలితే, చచ్చిపోయిన బిడ్డ మీది ప్రేమను తప్పుపట్టాడు ఆ మనిషి. ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది చెప్పడానికి? మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, బస్సుకు టైమైందని లేచాను. బస్టాండు దాకా తోడొచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు.

పోయిన ఎండాకాలంలో ఓబులేసన్న చనిపోయాడని తెలిసింది. ఇక ఎదురుగా నిలబడాల్సిన పని లేదు కాబట్టి నాకు ధైర్యం వచ్చిందేమో. అదీ నిజమే అయ్యుంటుంది. మీరు నన్ను ఓదార్చకండి. పోనీలే అని మాత్రం అనకండి, ఆ మాట నేను ఒకసారి వాడేశాను. ఆయనకు చెప్పాల్సినవి ఇన్నాళ్లకు రాస్తున్నాను. రాస్తుంటే చేయి కొంచెం తేలికవుతోంది.

ఓబులేసన్నా, నీ కళ్లు బాగున్నాయి. నీ ద్యాసా తప్పలేదు. నీ పాప వల్ల ఏ తప్పూ జరగలేదు. ఎలుకలు కలవలేదన్నా. నేనే సీసాను ఐసు అరలో పెట్టాను.