శిఖం భూమి చూసొచ్చిన సర్వేయర్ సాబ్

సర్వేయర్ సాబ్ పోయిన్రని కిషన్‌బాగ్ నుంచి తమ్ముడు వచ్చి చెప్పిండు. నేను బడిల పరీక్ష పేపర్లు దిద్దుతున్న. కలం మూత పెట్టిన. ఆయన ఉన్నన్ని రోజులు నేను బయట పెట్టని మాటొకటి ఉన్నది. ఇప్పుడన్న చెప్పకపోతే నా మనసు ఊకోదు.

ఆయన మా పక్కింటాయన. భూముల కొలతల ఆఫీసుల పనిచేసి రిటైరయిన్రు. చాయ్ సాసర్ల పోసుకొని మీసం తడవకుంట తాగేటోళ్లు. "తొందర పెట్టేటోని దగ్గర ఏం కొనకు బిడ్డా" అనేటోళ్లు. ఆ మాట ఆయనే ఒక్కసారి మరిచిపోయిన్రు.

అప్పుడు దుబాయ్ పైసలు దిగి భూమి ధరలు మండుతున్నయ్. పొద్దున విన్న రేటు సాయంత్రానికి ఉండకపోయేది. బహదూర్‌పురాల ఒక భూముల కంపెనీ తెరిచిన్రు. ప్లాటు కొనలేనోళ్లు వాటా కొనుక్కోవచ్చు. అందరి పైసలతోని కంపెనీ భూమి కొంటది, మూడు నెలలకోసారి లాభం పంచుతది. గాజులు చేసేటోళ్లు, బట్టల దుకాణపోళ్లు, మా బాపు, ఆఖరికి సర్వేయర్ సాబ్ కూడ కట్టిన్రు. నేను ఆ కంపెనీల టైపిస్టును.

ప్రతి నెల భూమి విలువ పెరిగిందని కొత్త కాగితం టైపు చేసేదాన్ని. ఆ ధరకు ఎవరన్న కొన్నట్టు ఒక్క కాగితం నా చేతికి రాలే. కొత్తగ చేరినోళ్ల పైసలే పాతోళ్లకు లాభమని పంచుతున్నరని అర్థమైంది. జీతం వస్తున్నదని నోరు మూసుకున్న. ఒకనాడు బాపు, అమ్మ కుట్టు మిషన్ అమ్మి ఇంకో వాటా కొంటనన్నడు. తెల్లారి సర్వేయర్ సాబ్ దగ్గరికి పోయి, కంపెనీ ఎవ్వరికి చెప్పని ఆ భూమి సర్వే నంబరు చీటీ మీద రాసిచ్చిన.

"నేనిచ్చిన్నని ఎవరికి చెప్పకుండ్రి సాబ్."

ఆయన చదివి, అగ్గిపుల్ల గీసి కాల్చేసిన్రు. "ఏ చీటీ బిడ్డా?" అన్నరు.

రెండు రోజులకు మా ఆఫీసుకొచ్చిన్రు. పైజామా మోకాళ్ల దాక బురద.

"అది శిఖం భూమి. చెరువు నిండితే మునుగుతది. అండ్ల ఇండ్లు కట్టనియ్యరు" అన్నరు మేనేజర్ మొకం మీద్నే.

నేను టైపు మిషన్ ముందు తల దించుకున్న. మేనేజర్ తలుపు దగ్గరికేసి వచ్చిండు. "మీ పైసలు ఇయ్యాల్నే తీస్కపోండ్రి సాబ్. గల్లీల మాత్రం లొల్లి చేయకుండ్రి."

"మరి మా గల్లీవాళ్లవి?"

"వాళ్లు అడగలే గద."

"నేను అడుగుతున్న గద" అని లేచిన్రు. పైసలు ముట్టలే.

తెల్లారంగనే ఇంటింటికి చెప్పుడు మొదలువెట్టిన్రు. విన్నోళ్లు విన్నట్టే ఆఫీసుకు ఉరికిన్రు. ముందు నిలబడ్డ కొందరికి పైసలు ముట్టినయ్, అండ్ల మా బాపు ఉన్నడు. మధ్యాహ్నానికి షట్టరు దిగింది, మళ్ల లేవలే. అప్పటికి సర్వేయర్ సాబ్ ఇంకా తలుపులు కొడుతనే ఉన్నరు.

పోగొట్టుకున్నోళ్లు ఆయన గల్లా పట్టిన్రు. "నువ్వు నోరు తెరవకుంటే కంపెనీ నిలబడేది! నంబరు ఎవరిచ్చిన్రు నీకు?"

నేను మా గడప లోపల నిలబడి వింటున్న. ఆయన ఇటు దిక్కు చూడను గూడ చూడలే. "భూమి కొలిచేటోణ్ని, నాకొకరియ్యాల్నా?" అన్నరు.

ఆనాటి నుంచి పండుగకు గూడ ఎవ్వరు ఆయన గడప తొక్కలే. నేను చాటుగ, దొడ్డి తలుపు నుంచి పోయేదాన్ని. ఒకసారి ఏడ్చి, "నేనే చెప్త సాబ్" అన్న.

"నాకేం ఫికర్ బిడ్డా, నా నౌకరీ అయిపోయింది. నీకు రేపు ఎవడన్న నౌకరీ ఇయ్యాలె గద" అన్నరు.

నంబరు ఇచ్చింది నేను. తిట్టేటోళ్లు ఇప్పుడు నన్ను తిట్టుండ్రి.

దహనానికి మా గల్లీ నుంచి నలుగురే వచ్చిన్రు. అది అయినంక ఆ భూమి దిక్కు పోయిన. చెరువు నీళ్లు వెనక్కి పోయినయ్. ఇంకో కొత్త కంపెనీ బోర్డు నిలబెట్టిన్రు. నేల మీద సున్నంతోని గదుల గీతలు గీసిన్రు. ఒకామె ఆ గీతల నడుమ నిలబడి, పొయ్యి ఎటు దిక్కు పెట్టాల్నో పెనిమిటికి చూపిస్తున్నది. ఆమె అడుగు తీసిన చోటల్లా చిన్నగ నీళ్లు ఊరుతున్నయ్.