పినాంగులో దిగే ఒక్క పూట

మా చెల్లెలి భర్తగారు తాటిపాకలో చమురు కంపెనీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కావడంతో, ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళాలన్నా షిఫ్టు డ్యూటీలు వేసినట్టు ఎవరెప్పుడు కదలాలో ఆయనే తేలుస్తారు. అలాంటాయనకి చెల్లెల్నీ నన్నూ వెంటబెట్టుకుని సింగపూరులో ఓడెక్కి, పినాంగూ ఫుకెట్టూ చూసుకుని మళ్ళీ సింగపూరులో దిగే విహారయాత్ర దొరికిందంటే ఇక చెప్పాలా! పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక, రాజోలులో మా ఇంటి హాల్లో చెల్లెల్నీ తమ్ముణ్ణీ నన్నూ కూర్చోబెట్టి, ఫోనులో ఉన్నదంతా టీవీలో వచ్చేలా చేసి, పాఠం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకి పాఠాలు చెప్పిన నేను నోరు మూసుకుని విన్నాను. పినాంగులో ఓడ పొద్దున్న ఆగి సాయంత్రం కదిలిపోతుందట. ఆ ఒక్క పూటలో కొండ మీదికి పోయే రైలెక్కాలా, పాములుండే గుడి చూడాలా, గోడల నిండా బొమ్మలు వేసిన వీధుల్లో ఫొటోలు దిగాలా అని వాళ్ళు వాదించుకుంటూ ఉండగా తెర మీదికి ఆ ఊరి పాత రేవు వచ్చింది. నీళ్ళలోకి చొచ్చుకుపోయిన చెక్కల దారి, దాని పక్కన మురికి గోడల గోదాములు. నేను కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాను.

మా తాతగారు దిగింది ఆ రేవులోనే. దిగారని తెలుసు గానీ, ఆఖరికి ఏమయ్యారో ఈనాటికీ మాకెవరికీ తెలియదు.

నా తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మన గోదావరి లంక గ్రామాల నుంచి రంగూనుకీ, ఇప్పటి మలేషియా అయిన మలయాకీ ఎంతమంది పోలేదు! అలాగే పరాయి చేలో కూలికి పోయే మా తాతగారు, పడవలో కాలువ దాటి, రైలెక్కి మద్రాసు చేరి, అక్కడ ఓడెక్కి పినాంగులో దిగి రబ్బరు తోటల్లో పనికి పోయారు. అప్పటికి మా నాన్నగారు నడకొచ్చిన పిల్లాడు, మేనత్త ఇంకా కడుపులో ఉంది. చేరాననే కబురొకటి అందింది. తరువాత యుద్ధం వచ్చింది, ఆ తరువాత ఏమీ రాలేదు.

మా నాయనమ్మ మాత్రం ఆయన్ని ఎన్నడూ పోయిన వాళ్ళలో కలపలేదు. మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. అందులో రోగుల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు అయ్యాక, ప్రయాణంలో ఉన్నవాళ్ళ కోసం చేసే ప్రార్థన వచ్చేది. ఊళ్ళో ఎవరు కాకినాడ వెళ్ళినా, ఎవరు ఏలూరు వెళ్ళినా వాళ్ళ పేర్లన్నీ చెప్పి, ఆఖరున మా తాతగారి పేరు చెప్పేది. పొద్దున్నే పంటు మీద గోదావరి దాటి వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే మనిషితో సమానంగా ఆ పేరు కూడా! నాకు భయం వేసేది. అందరూ కళ్ళు మూసుకుని ఉంటే నేనొక్కదాన్నీ కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసేదాన్ని. నేనెన్నడూ చూడని ఆ మనిషి గుమ్మం అవతల నిలబడి, ఆమెన్ అనేదాకా ఆగి లోపలికి వస్తాడేమో అనిపించేది. ఇప్పుడు నవ్వొస్తుందా అంటే, నిజం చెప్పాలి, రాదు.

మా మేనత్త పెళ్ళికి శుభలేఖలు అచ్చు వేయించారు. అమలాపురంలో ఆ ప్రెస్సాయన, ఏళ్ళ తరబడి జాడ లేని మనిషి గురించి విని, అలవాటు కొద్దీ తాతగారి పేరు ముందు కీర్తిశేషులు అని చేర్చేశారు. తప్పు ఆయనదీ కాదు, అందరూ అనుకునేదే ఆయన వేశారు. కట్టలు ఇంటికొచ్చాక నాన్నగారు చదివి వినిపిస్తే, మేమంతా నాయనమ్మ మొహం వైపు చూశాం. కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. గడ్డం గీసుకునే బ్లేళ్ళు తెప్పించి, ఆడవాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క కార్డు మీదా ఆ మాట గీకించేసింది. గీకిన చోట కాగితం పల్చబడి, వెలుగుకి పెట్టి చూస్తే చిల్లుల్లా కనబడేది. మా బంధువులందరికీ ఆ చిల్లుల శుభలేఖలే వెళ్ళాయి. ఆ తరువాత ఊళ్ళో ఎవరూ ఆవిడ ముందు ఆ మాట ఎత్తే సాహసం చెయ్యలేదు.

మరో రెండు మూడేళ్ళకి, మలయా నుంచి తిరిగొచ్చిన ముసలాయన ఒకరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మంచినీళ్ళు తాగి, నసుగుతూ చెప్పారు.

"కోప్పడకండమ్మా. యుద్ధం అయ్యేక పినాంగులో చూసేనండి ఆయన్ని. బజార్లో చిన్న కొట్టు పెట్టుకున్నారండి. ఇంకో ఆవిడా, ఇద్దరు పిల్లలూ ఉన్నారండి."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్నగారు లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు. నాయనమ్మ మాత్రం, "అయితే బతికే ఉన్నారన్నమాట" అంది. "ఆయ్, అప్పటికి ఉన్నారండి" అన్నారాయన. "నాకది చాలు బాబూ, భోంచేసి వెళ్ళండి" అని లోపలికి పోయి ఎసరు పెట్టింది. ఆ సాయంత్రం కూడా ప్రార్థనలో ఆ పేరు వచ్చింది. నాకది చాలు అనడానికి ఎంత గుండె ఉండాలో, నాకు పెళ్ళయి కాపురం చేశాక గానీ తెలిసి రాలేదు.

నాయనమ్మ తరువాత ఆ పేరు నాన్నగారు చెప్పేవారు. ఆయన తరువాత నేను.

అందుకే ఆదివారం నాడు తమ్ముడన్న మాట నాకు గుచ్చుకుంది. "అక్కా, ఎలాగూ వెళ్తున్నారు కదా, అక్కడి సమాధుల తోటలోంచి గుప్పెడు మట్టి తెచ్చేవంటే, నాయనమ్మ పక్కన పెట్టి సిలువ వేయించేద్దాం. ఎన్నాళ్ళని ఇలాగ?" అన్నాడు. వాడి బాధా తప్పు కాదు, దిక్కూ దివాణం లేకుండా తిరిగే తాతగారిని ఇంటికి చేర్చాలని వాడి తాపత్రయం. కానీ ఎవరి మట్టిని ఆయన మట్టి అనుకోమంటాడు? బతికే ఉన్నారని నాయనమ్మ అన్న మనిషిని నేను వెళ్ళి పాతిపెట్టి రావాలా? వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

నిన్న చెల్లెలికి ఫోను చేసి, కొండ రైలు మీరెక్కండి, నన్ను ఆ బజారు వీధిలో వదిలెయ్యండి అని చెప్పాను. అక్కడ ఏం చూస్తావక్కా అంది. ఏం చెప్పను? ఏ కొట్లోనో మా నాన్నగారి చెవులూ, మా నాన్నగారి నడకా ఉన్న మనిషి ఎదురుపడితే పలకరిస్తానో, తల వంచుకుని దాటిపోతానో నాకే తెలియదు. సమాధుల కన్నా నాకు ఆ ముఖమంటేనే భయంగా ఉంది.

ఇప్పుడు మనుషులు తప్పిపోవడం తేలిక కాదు. మేం ఓడెక్కితే ఎక్కడున్నామో మా చెల్లెలి కూతురికి ఫోనులో చుక్కగా కనబడుతూ ఉంటుందట. మంచిదే, కాదనను. కానీ కనబడని మనిషిని జీవితాంతం పేరు పెట్టి పిలుస్తూ బతికించుకోవడం ఆ పాతకాలపు వాళ్ళకే చేతనైంది. మా పిల్లల ఇళ్ళల్లో సాయంత్రం ప్రార్థన లేదు. ఉన్నా ఆ పేరు వాళ్ళకి నోరు తిరగదు. నేనున్నన్నాళ్ళే ఆయన ప్రయాణం. అందుకని తమ్ముడికి మట్టి తేనని చెప్పేశాను. నన్ను మట్టిలో పెట్టే రోజున, సిలువ మీద నా పేరు కింద ఆయన పేరు కూడా చెక్కించమన్నాను.