బెల్టు తీసినా ఆగని అరుపు

దయ్యాలున్నాయంటే నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. చింతచెట్టు కింద ఏదో కనబడిందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ అరవైల మొదట్లో కల్వకుర్తిలో, పట్టపగలు, నా షెడ్డులో జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని కూడా నాకు కోపమే.

మాది మగ్గం ఇల్లు. నేను మగ్గం వదిలి ఇంజన్ల పని నేర్చుకుని, శ్రీశైలం రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. మా తమ్ముడు నర్సింహ బీడీలు చుట్టే తునికాకు గుత్తేదారు ఒకాయన దగ్గర కారు డ్రైవరు. ఆ గుత్తేదారును అందరూ పటేల్ అనేవారు. ఆ కొలువు మీదే తమ్ముడి సంసారం నడిచేది.

ఒక ఎండాకాలం తమ్ముడు కారు తెచ్చాడు, ఫ్యాను బెల్టు కీచుమని అరుస్తోందని. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు నిండా ఆముదం కారుతోంది. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఆముదం పోస్తారు కదా, ఇక్కడా అదే తెలివి. బెల్టుకు జిడ్డు తగిలితే పట్టు తప్పి జారుతుంది, ఇంకా ఎక్కువ అరుస్తుంది. పోయించింది పటేలే. తిట్లు తిన్నది తమ్ముడు. అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, ఇంకోసారి అరిస్తే కొలువు ఊడుతుందని తమ్ముణ్ని బెదిరించాడట.

జిడ్డు పట్టిన బెల్టు పారేశాను. బెల్టు తిరిగే చక్రాలు కడిగి ఆరబెట్టాను. ఇంట్లోంచి నూలు పోగు తెచ్చి చక్రాల అంచుకు అడ్డంగా బిగించి చూశాను. పడుగు వంకర చూసే కుటుంబం మాది, నా కన్ను తప్పదు. డైనమో చక్రం కాస్త పక్కకుంది. దాన్ని సరిచేసి, హైదరాబాదు నుంచి కొత్త బెల్టు తెప్పించి వేశాను. నడుస్తున్న బెల్టు మీద నీళ్లు చల్లినా చప్పుడు లేదు. అచ్చంపేట దాకా పోయి వచ్చాను. బండి పిల్లిలా నడిచింది.

మర్నాడు పొద్దున పటేల్ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. బండి కదలగానే కీచుమంది. ఆయన దిగితే ఆగింది. ఎక్కితే మళ్లీ మొదలు.

బరువు వల్లనేమో అనుకున్నాను. వెనక పల్లికాయ బస్తాలు వేసి నడిపించాను, చప్పుడు లేదు. ఆయనకంటే లావుపాటి మనుషులను ఎక్కించాను, లేదు. పటేల్ ఎక్కితే ఉంది. అంగడికి వచ్చిన జనం ముందు ఆయన నన్ను, తమ్ముణ్ని కలిపి దొంగలన్నాడు. అన్నదమ్ములం కూడబలుక్కుని బండి చెడగొడుతున్నామన్నాడు. తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు. వాడు నోరెత్తకపోయేసరికి నాకు మరీ మండింది.

ఇక ఆగలేదు. బెల్టు ఊడదీసి చేత్తో పట్టుకున్నాను. అది లేకపోయినా ఇంజను కాసేపు నడుస్తుంది, నీళ్లు మరిగేలోపు ఆపేయాలి, అంతే. పటేల్‌ను కూర్చోమని, తమ్ముణ్ని ఇంజను స్టార్టు చేయమన్నాను.

అరుపు వచ్చింది. ముందున్న ఇంజనులోంచి కాదు. పటేల్ కూర్చున్న వైపు తలుపు దగ్గర నుంచి. చెవి ఆనించి మరీ విన్నాను.

"బెల్టు నా చేతిల ఉన్నది పటేలా," అన్నాను. "మరి గా తలుపు కాడ మొత్తుకుంటున్నదేంది?"

ఆయన ముఖం పాలిపోయింది. అవతలి తలుపు తీసుకుని దిగి, బస్సులు ఆగే జాగా వైపు నడిచిపోయాడు. సాయంత్రం మనిషితో కబురు పంపాడు, నర్సింహ ఇక పనికి రావద్దని.

తమ్ముణ్ని కూర్చోబెట్టి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. కారు నా దగ్గరికి తేవడానికి కొన్నాళ్ల ముందు, అమ్రాబాద్ అడవిలో ఆకు కోసే మనిషి ఒకడిని పాము కరిచింది. అతని భార్య కారుకు అడ్డం వచ్చి, దవాఖానకు తీసుకపొమ్మని పటేల్ వైపు తలుపు పట్టుకుని మొత్తుకుంది. సీటు ఖరాబవుతుందని పటేల్ కారు ఆపకుండా పోనిమ్మన్నాడు. ఆమె తలుపు పట్టుకునే కొంతదూరం ఉరికింది. ఆ మనిషిని ఎడ్లబండి మీద తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

దయ్యం అనుకుందామంటే, ఏడ్చిన ఆమె బతికే ఉంది. తర్వాత నేను పోయి చూసి వచ్చాను. పిల్లలతో ఆకు కట్టలు కడుతోంది. ఆమె అక్కడ ఆకు కడుతుంటే ఆమె అరుపు నా షెడ్డుకు ఎట్లా వచ్చింది? పటేల్ ఆ కారును ఒక బియ్యం మిల్లు వాళ్లకు అమ్మేశాడు. అదే బెల్టు, అదే బండి. వాళ్లు ఏ చప్పుడూ వినలేదన్నారు.

పటేల్ మీద నాకు ఈనాటికీ కోపం చల్లారలేదు. కానీ ఆనాడు స్టీరింగు పట్టుకున్నది నా తమ్ముడు. వాడు బ్రేకు వేయగలిగేవాడు. ఆ కోపంలోనే అడిగాను, పటేల్ ఎక్కితే అరిచింది, నువ్వు ఒక్కడివే నడిపితే ఎందుకు అరవలేదురా అని.



"నాకు బండి ఎక్కకున్నా ఇనొస్తది అన్నా," అన్నాడు.

నేను ఇంకో కొలువు చూస్తానన్నా, వాడు మళ్లీ బండి ముట్టలేదు. మా బాపు నేసిన మగ్గం మీదే కూర్చున్నాడు. ఆ అరుపు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.